ఇడ్లి దోశ పూరి సాంబారు కొబ్బరి

టైటిల్ చూసి ఇదేదో టిఫిన్ సెంటర్ గురించి అనుకుని వచ్చినవాళ్ళకి సారీ అప్పా. అది ఆటవెలది పద్యంలో ఒక పాదం. నిజంగానే, కావాలంటే వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి, మూడు సూర్యగణాలు, వెనకే రెండు ఇంద్రగణాలు (అవేందో కింద చెప్తాను), ఎక్కడా ఒక్క మాత్ర అటూఇటూ లేదు. కనిపెట్టింది నేను కాదు, మా శనివారం తెలుగు క్లాసులో 11 ఏళ్ళ పిల్లాడు, వాళ్ళింటి కింద దర్శిని హోటల్లో మెనూ బోర్డు చూస్తా చూస్తా కనిపెట్టాడు. ఆ కథకి వస్తాను, ముందు మా క్లాసు సంగతి చెప్పాలి.

మేముండేది బెంగళూరులో, మారతహళ్ళి దగ్గర ఒక అపార్ట్‌మెంట్లో. వారమంతా నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, అంటే వేరేవాళ్ళు రాసిన దాంట్లో తప్పులు వెతకడం నా ఉద్యోగం (ఈ జబ్బు క్లాసులో నా కొంప ఎట్లా ముంచిందో కింద వస్తుంది). శనివారం సాయంత్రం 4 గంటలకి క్లబ్‌హౌస్‌లో, టేబుల్ టెన్నిస్ ఆడే హాలు పక్క రూములో, 12 మంది పిల్లలకి తెలుగు చెప్తాను. 2023 జూన్‌లో మొదలుపెట్టాం. 7 ఏళ్ళ నుంచి 13 ఏళ్ళ దాకా ఉన్నారు, అందరూ ఇక్కడ పుట్టినవాళ్ళో పాలు తాగే వయసులో ఇక్కడికి వచ్చినవాళ్ళో. ఇంట్లో తెలుగు, కింద గ్రౌండులో ఇంగ్లీషు, స్కూల్లో కన్నడం. 2015 చట్టం తర్వాత ఇక్కడ స్కూళ్ళల్లో కన్నడం తప్పనిసరి కాబట్టి వాళ్ళకి కన్నడ అక్షరాలు బాగా వచ్చు, తెలుగు అక్షరాలు చూస్తే "ఇది కన్నడమే కదా మిస్, కొంచెం వంకరగా ఉంది" అంటారు. ఒకరకంగా నిజమే, తలకట్టు దగ్గర కొంచెం, ఇంకో నాలుగైదు అక్షరాల దగ్గర కొంచెం సర్దుకుంటే చదివేస్తారు. రాయమంటేనే ఏడుపు.

మొదటి నెలలో నేను చేసిన ఘనకార్యం ఏందంటే, "అమ్మ మీద కవిత రాసుకుని రండి" అన్నాను. అందరూ అదే అంటారు కదా, నేనూ అన్నాను. వచ్చిన వారం 11 పేపర్లు వచ్చాయి, పదిట్లో అమ్మ అంటే ప్రేమ, అమ్మ అంటే దేవత, అమ్మ లేనిదే మనం లేము, అంతే, పేర్లు తీసేస్తే ఎవరిది ఏదో కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. పదకొండోది మాత్రం చాలా గొప్పగా ఉంది, అందులో "నిశీథి" అనే మాట ఉంది. ఆ పిల్లాడిని పిలిచి నిశీథి అంటే ఏంది నాన్నా అంటే "యాప్ రాసింది మిస్, దాన్నే అడగాల" అన్నాడు. కోపం రాలేదు, నవ్వొచ్చింది, ఇంటికొచ్చి ఆలోచిస్తే కొంచెం సిగ్గేసింది కూడా. ఎందుకంటే నేనడిగిన దానికి ఆ యాప్ ఇచ్చిందే సరైన జవాబు. పిల్లల దగ్గర లేనిదాన్ని అడిగాను, వాళ్ళు బయట నుంచి తెచ్చిచ్చారు.

మా ఊరు కదిరి. వేమన సమాధి ఉన్న కటారుపల్లె మాకు దగ్గరే, చిన్నప్పుడు తాత తీసుకెళ్ళేవాడు. మా తాతకి చదువు తక్కువ, పద్యాలు ఎక్కువ. శెనక్కాయలు ఒలిచేటప్పుడు పద్యం చెప్పేవాడు, ఒక్కో పాదానికి గుప్పెడు కాయలు ఒలవాల, పద్యం అయ్యేలోగా చేతిలో కాయలు అయిపోవాల, అదీ పోటీ. అర్థం ఎప్పుడూ చెప్పలేదు. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చేయించాడని నేను కాలేజీలో చదువుకుని వచ్చి చెప్తే, "అచ్చేయకముందు యాడుండాయి అవి? నోట్లోనే కదా" అన్నాడు. తాత అన్న ఆ మాట ఇన్నేళ్ళ తర్వాత ఈ క్లబ్‌హౌస్‌లో అక్కరకొచ్చింది. నోట్లో ఉండాల్సిన దాన్ని నేను నోటుబుక్కుతో మొదలుపెట్టాను, అక్కడే తప్పింది బండి.

రెండో నెల నుంచి నోటుబుక్కులు బంద్ చేశాను. మూడు శనివారాలు ఒక్క అక్షరం రాయలేదు. చిటికెలు, చప్పట్లు, అంతే. చిటికె అంటే లఘువు, చప్పట్లు అంటే గురువు, చప్పట్లు కొట్టి చేతులు ఒక క్షణం అతికించి పెట్టాల ఎందుకంటే గురువుకి రెండు మాత్రల టైం (మాత్ర అంటే ఒక చిటికె పట్టే టైం). దీర్ఘం ఉంటే గురువు, సున్నా ఉంటే గురువు, అదే మాటలో పక్కన వత్తు అక్షరం ఉంటే దాని ముందరి అక్షరం గురువు. ఈ మూడోది పిల్లలకి తెగ నచ్చింది, "అంటే వత్తు వచ్చి పక్కోడి మీద కూర్చుంటుందా మిస్" అని ఒకడు అడిగాడు, నేను 20 ఏళ్ళలో ఏ పుస్తకంలోనూ అంత బాగా చదవలేదు. పక్క హాల్లో టేబుల్ టెన్నిస్ బాల్ టక్కు టక్కు అంటా ఉంటే దానికి కూడా మాత్రలు లెక్కపెట్టారు.

తర్వాత ఆటవెలది. ఎందుకు ఆటవెలది అంటే, ప్రాస నియమం లేదు, నాలుగు పాదాలే, పైగా మా కదిరాయన వేమన దాదాపు అంతా దాంట్లోనే చెప్పాడు. ఒకటీ మూడూ పాదాల్లో మూడు సూర్యగణాలు రెండు ఇంద్రగణాలు, రెండూ నాలుగూ పాదాల్లో అయిదూ సూర్యగణాలే. సూర్యగణం అంటే మూడు మాత్రలు, చప్పట్లు-చిటికె గానీ మూడు చిటికెలు గానీ. ఇంద్రగణాలు నాలుగో ఐదో మాత్రలవి, ఆరు రకాలు, వాటి పేర్లన్నీ చెప్తే పిల్లలు పారిపోతారని "పెద్ద ముక్క" అని మాత్రం చెప్పాను. చిన్న ముక్క చిన్న ముక్క చిన్న ముక్క, పెద్ద ముక్క పెద్ద ముక్క. యతి (పాదం మొదటి అక్షరానికి పాదం మధ్యలో జోడు అక్షరం పడాలనే నియమం) సంగతి అసలు ఎత్తలేదు. దీనికి పండితులు నన్ను తిట్టొచ్చు, ఇప్పటికే ఇద్దరు తిట్టారు కూడా, ఫ్యామిలీ గ్రూపులో. కానీ యతితో మొదలుపెట్టి ఉంటే ఈ పోస్టు ఉండేది కాదు.

హోంవర్క్ ఏమిచ్చానంటే, ఇంట్లో కనిపించే చిన్న ముక్కలు వెతుక్కుని రండి అన్నాను. అప్పుడు జరిగింది ఆ దర్శిని కథ. పిల్లాడు వచ్చి గబగబా చదివాడు, ఇడ్లి, దోశ, పూరి, వడలు, చట్ని. అయిదూ సూర్యగణాలే! నేను ఆగమన్నాను, మళ్ళీ చెప్పమన్నాను, అందరం చప్పట్లు చిటికెలు కొట్టాం. అది ఆటవెలదిలో రెండో పాదం, అచ్చంగా. అంతలో ఒకమ్మాయి సాంబారు పెద్ద ముక్క మిస్, కొబ్బరి కూడా అంది. అట్లా మొదటి పాదం కూడా వచ్చేసింది, ఇడ్లి దోశ పూరి సాంబారు కొబ్బరి. ఇడ్లీలో, పూరీలో చివరి దీర్ఘం తీసేశాం కదా అది చీటింగ్ కాదా అని పెద్ద చర్చ జరిగింది, "హోటల్లో సర్వర్ అరిచేటప్పుడు ఇడ్లీ అని సాగదీస్తాడా, ఇడ్లి వడ అంటాడు కదా" అని వాళ్ళే తీర్పిచ్చుకున్నారు. ఉప్మా మాత్రం ఎంత గుంజినా సూర్యగణం కాలేదు, రెండూ గురువులే. ఇంట్లోనూ ఎవరికీ ఇష్టం లేదు, పద్యంలోనూ చోటు లేదు పాపం.

ఆ రోజు నుంచి క్లాసు మారిపోయింది అని రాస్తే సినిమా డైలాగులా ఉంటుంది, అట్లా ఏం మారలేదు, వచ్చే వారం ముగ్గురు ఎగ్గొట్టారు, క్రికెట్ మ్యాచ్ ఉంది. కానీ వచ్చినవాళ్ళు లిఫ్టులో బోర్డులు, బస్సుల మీద ఊర్ల పేర్లు, తాతయ్య మందుల పేర్లు, అన్నీ గణాలు కట్టుకుని వచ్చారు. అమ్మ దేవత అని రాసిన పిల్లలే.

మకుటం మాత్రం నేను ఊహించనంత పని చేసింది. విశ్వదాభిరామ వినురవేమ అనేది అయిదు సూర్యగణాల పాదమని చప్పట్లతో చూపించి, మీ మకుటం మీరే తయారుచేసుకోండి అన్నాను. స్కూల్లో వాళ్ళు కన్నడ కవి సర్వజ్ఞుడి త్రిపదులు, అంటే మూడు పాదాల పద్యాలు, చదువుతారు, ఆయన చివర్లో సర్వజ్ఞ అని పెట్టుకుంటాడు, కన్నడంలో దాన్ని అంకిత అంటారు, కాబట్టి కొత్తగా చెప్పాల్సిన పని పడలేదు, "ఓ, సిగ్నేచరా" అన్నారు. (సర్వజ్ఞుడంటే గుర్తొచ్చింది, హలసూరు చెరువు పక్కన తమిళ కవి తిరువళ్ళువర్ విగ్రహం 1991 నుంచి 18 ఏళ్ళు ముసుగులోనే ఉండి 2009 ఆగస్టులో బయటపడింది, అదే నెలలో చెన్నైలో సర్వజ్ఞుడి విగ్రహం పెట్టారు, వీళ్ళకి ఇది చెప్తే "మరి మన వేమనకి?" అన్నారు. కర్ణాటక ప్రభుత్వం జనవరి 19న వేమన జయంతి చేస్తుందని చెప్తే కొంచెం శాంతించారు, సెలవు లేదని తెలిసి మళ్ళీ డల్ అయ్యారు.)

మకుటం కుదిరితే పద్యంలో నాలుగో వంతు అయిపోయినట్టే, ఇంక మూడు పాదాలే రాయాల, ఆ లెక్క పిల్లలకి భలే నచ్చుతుంది. పైగా మకుటంలో తను ఎవరో చెప్పుకున్నాక పిల్లలు దేవతల జోలికి పోరు, తనకి జరిగిందే చెప్తారు. ఎందుకో నాకు పూర్తిగా తెలీదు గానీ ప్రతిసారీ అదే జరిగింది. 2024 ఎండాకాలం గుర్తుందా, బోర్లు ఎండిపోయి ఊరంతా ట్యాంకర్ల వెంట పడింది, మార్చిలో జిల్లా అధికారులు ప్రైవేట్ ట్యాంకర్లకి రేట్లు కట్టారు, 12,000 లీటర్లకి 5 కిలోమీటర్ల లోపు 1,000 రూపాయలని. పెద్దవాళ్ళం వాట్సాప్‌లో ఒకర్నొకరు తిట్టుకుంటా ఉంటే 9 ఏళ్ళ వాడొకడు ఇది పట్టుకొచ్చాడు, రెండు చోట్ల నేను చెయ్యి పెట్టాను, మిగతా అంతా వాడిదే.

ట్యాంకరొచ్చెనంటె తాతయ్య పరుగులు
బకెటు బకెటు నింపె బామ్మ వచ్చి
అక్క షవరు కింద అరగంట పాడెను
ఏడొ ఫ్లోరు బాబు ఏమి చేతు

చివరి పాదం చదివేటప్పుడు వాడు రెండు చేతులూ పైకెత్తి భుజాలు ఎగరేస్తాడు చూడండి, దానికే సగం మార్కులు. వాళ్ళక్క మా క్లాసులోనే ఉంది, రెండు వారాలు వాడితో మాట్లాడలేదు.

చదవడం గురించి కూడా చెప్పాల. రాయడం కంటే అదే కష్టమైంది. మొదట్లో అందరూ పేపర్ ముఖానికి అడ్డం పెట్టుకుని, ఒకే ఊపిరిలో, రైలు వెళ్ళిపోతున్నట్టు చదివేవాళ్ళు. పేపర్ తీసేశాను. నాలుగు పాదాలే కదా, అదీ నువ్వే రాసింది, పేపరెందుకు. ఇంకోటి, రాగం. మన పద్యం అనగానే పిల్లలకి ఒక బడిరాగం ఉంటుంది, అన్ని పద్యాలూ ఒకటే ఊపుగా, తల ఊపుకుంటా. దాన్ని మానిపించడానికి ముందు మాట్లాడినట్టు చెప్పించాను, పక్కింటి ఆంటీకి కంప్లైంట్ చెప్తున్నట్టు. అప్పుడు అర్థం ఎక్కడ విరుగుతుందో వాళ్ళకే తెలుస్తుంది. ఆ తర్వాత కావాలంటే రాగం తీసుకో, ఎక్కడ సాగదీయాలో నీ ఇష్టం. ఒకడు ఏకంగా పౌరాణిక నాటకంలో కృష్ణుడిలాగా చివరి అక్షరాన్ని పట్టుకుని నిమిషం పాటు వదల్లేదు, సెక్యూరిటీ అన్న లోపలికి వచ్చి చూసి వెళ్ళాడు.

నోరు తెరవని పిల్లలు ఇద్దరున్నారు. వాళ్ళని ముందుకు నెట్టి "సిగ్గుపడకు" అంటే ఇంకా ముడుచుకుపోతారు. వాళ్ళని బుర్రకథలో వంతల్లాగా పెట్టాను. కథకుడికి అటొకరు ఇటొకరు వంతలు ఉంటారు కదా, ఒకరు హాస్యం చెప్తారు, ఒకరు లోకం సంగతులు, ఇద్దరూ తందాన తాన అందుకుంటారు. వీళ్ళ పని తందాన తాన అనడం వరకే. నెల అయ్యాక పాదం చివర "ఆహా" అనడం, ఇంకో నెలకి "అట్లనా, తర్వాతేమైంది" అనడం. 7 ఏళ్ళ చిన్నదొకటి అట్లా అడిగీ అడిగీ ఒక రోజు "ఆగు, తర్వాతేమైందో నేను చెప్తా" అని కథకుడిని ఆపేసింది.

ఇంకో పిల్లాడు ఉన్నాడు, వాడికి వ్యతిరేకం సమస్య, నోరు మూయడు. ఎవరు ఏం చెప్తున్నా మధ్యలో దూరి "మిస్, షార్క్‌కి పళ్ళు ఎన్ని?" వాళ్ళమ్మ కన్నడ, నాన్న తెలుగు, రెండు భాషల్లోనూ అంతరాయం కలిగించగలడు. ఎన్నోసార్లు బయటికి పంపుదామనుకున్నా. అష్టావధానం వీడియో ఒకటి క్లాసులో చూపిస్తున్నప్పుడు తట్టింది. అవధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలడిగేవాళ్ళు, కూర్చుంటారు, ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు నాలుగు మాటలిచ్చి దత్తపది చేయమంటారు, అందులో ఒకాయన పనే అప్రస్తుత ప్రసంగం. అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికి పిచ్చి ప్రశ్నలు వేయాలి! బెంగళూరు వాళ్ళకి ఇదేం దూరం విద్య కాదు, శతావధాని ఆర్. గణేశ్ గారు ఈ ఊళ్ళోనే కన్నడంలో, సంస్కృతంలో ఎన్నో అవధానాలు చేశారు. మావాడికి ఆ పోస్టు ఇచ్చేశాను. రూల్స్: ఒక పద్యానికి మూడే ప్రశ్నలు, చెప్పేవాళ్ళు నవ్వుతా జవాబు చెప్పి ఆగిన చోట నుంచే పద్యం అందుకోవాల. వాడు నెలరోజుల్లో మారిపోయాడు, ఎందుకంటే మూడే ప్రశ్నలు కాబట్టి ఇప్పుడు వాడు ఆలోచించి వాడుకోవాల, అంటే ముందు పద్యం వినాల! క్లాసులో అందరికంటే శ్రద్ధగా పద్యాలు వినేది ఇప్పుడు వాడే.

దత్తపది కూడా ఆడతాం. వైఫై, లిఫ్టు, కుక్క, పనస అని నాలుగు మాటలిచ్చి పెళ్ళి గురించి చెప్పమన్నాను ఒకసారి. ఆ పద్యాలు ఇక్కడ పెట్టను, కొన్ని కుటుంబాల గౌరవానికి సంబంధించిన విషయం.

సరే, ఇప్పుడు నా ఘోరం చెప్తాను. మా క్లాసులో 10 ఏళ్ళ అమ్మాయి ఒకటుంది, చాలా తక్కువ మాట్లాడుతుంది, ఇడ్లి పాదంలో సాంబారు పెద్ద ముక్క అని పట్టుకున్నది ఆ పిల్లే. దాని మకుటం "మారతల్లి పాప మాట వినుర". మారతహళ్ళి గణాలకి ఒప్పుకోలేదు, ఎట్లాగూ మనవాళ్ళు మారతల్లి అనే కదా అంటాం, అట్లా కుదిరింది. "పెద్దవాళ్ళ ముందు వినుర అనొచ్చా మిస్?" అని అడిగింది. వినండి అని పెట్టి చూశాం, నం దగ్గర గురువు వచ్చి విరిగిపోయింది. వినుడు అంటే సరిపోతుంది మర్యాదగానూ ఉంటుంది అన్నాను. ఒక నిమిషం ఆలోచించి "వినుడు అంటే మా ఇంట్లో ఎవరూ వినరు" అని వినుర నే ఉంచుకుంది. వేమన అన్నాడు కదా, నేనూ అంటా అంది.

2025 ఉగాదికి, విశ్వావసు నామ సంవత్సరం, మార్చి 30 ఆదివారం, అపార్ట్‌మెంట్లో కన్నడవాళ్ళం తెలుగువాళ్ళం కలిసి ప్రోగ్రాం పెట్టుకున్నాం. ఉగాది అంటే కవి సమ్మేళనం ఉండాల్సిందే కదా, మా పిల్లలకి 15 నిమిషాలు ఇచ్చారు (సినిమా డాన్సులు పెరిగి తర్వాత 9 నిమిషాలైంది, ఆ బాధ ఇక్కడ వద్దు). నేను పద్యాలన్నీ టైప్ చేసి ప్రింట్ తీస్తా ఉన్నాను, శుక్రవారం రాత్రి 11 అయింది, ఉద్యోగబుద్ధి కదా, తప్పులు దిద్దుకుంటా పోతా ఉన్నా. ఆ అమ్మాయి పద్యంలో మూడో పాదం చివర "అరిచింది సాకంటు" అని ఉంది. సాకు అంటే కన్నడంలో చాలు, ఇక ఆపు అని. కన్నడం మాట దొర్లిందిలే అనుకుని సాకంటు కొట్టేసి చాలంటు అని పెట్టాను. గణం కూడా అదే, ఒక్క మాత్ర కదల్లేదు. ఛందస్సు నన్ను ఆపలేదు, నాకు నేనుగా ఆగేంత తెలివి లేదు.

శనివారం రిహార్సల్‌లో పేపర్లు పంచాను. ఆ పిల్ల చదువుకుంది, పేపర్ నాలుగు మడతలు పెట్టింది, "నాకు రేపు జ్వరం వచ్చేట్టు ఉంది మిస్" అంది. నాకేం అర్థం కాలేదు. భయమేమో అనుకుని ధైర్యం చెప్పబోయాను, స్టేజి ఫియర్ మీద చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను, తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. సరే ఒక్కసారి చదువు అంటే చదివింది, చచ్చినట్టు, గోడకి చెప్తున్నట్టు. అప్పుడు మా అప్రస్తుత ప్రసంగి చెయ్యెత్తాడు. "మొదటి ప్రశ్న. సాకు యాడికి పోయింది?"

రెండో ప్రశ్న వేసే అవసరం రాలేదు. వాడికి రెండు భాషలూ వచ్చు కాబట్టి వాడికి మొదటిసారి విన్నప్పుడే తెలిసింది, నాకు అప్పుడు తెలిసింది. పద్యం ఇది.

సిల్కుబోర్డు దగ్గరాగిపోయిన నాన్న
సాకు చెప్పుకుంటు సాగివచ్చె
అమ్మ కోపమొచ్చి అరిచింది సాకంటు
మారతల్లి పాప మాట వినుర

సిల్కుబోర్డు అంటే ఇక్కడ ట్రాఫిక్ జాములకి పేరుపడ్డ జంక్షన్. రెండో పాదంలో సాకు తెలుగు సాకు, వంక. మూడో పాదంలో అమ్మ అరిచింది రెండూ, అదంతా సాకు అని తెలుగులో, ఇక సాకు అని కన్నడంలో. 10 ఏళ్ళ పిల్ల ఒక్క మాటలో రెండు భాషలు దాచిపెడితే నేను తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేశాను, నీట్‌గా ప్రింట్ తీసి మరీ. (పైగా చూడండి, నేను చెప్పకపోయినా రెండు, మూడు, నాలుగు పాదాల్లో యతి దానంతటదే పడింది. సా-సా, అ-అ, మా-మా. చెవికి తెలుసన్నమాట.)

అందరి ముందే సారీ చెప్పాను. వెంటనే కరిగిపోలేదు ఆ పిల్ల. "మీ చాలు మీరే ఉంచుకోండి మిస్" అంది, అది కూడా మెల్లగా, మర్యాదగా, అందుకే ఇంకా గట్టిగా తగిలింది. ఇంటికెళ్ళి పాత పేపర్లు తీసి చూసుకున్నాను, రెండేళ్ళుగా ఇట్లాంటివి ఎన్ని దిద్దానో. ఒకడు "అవ్వ ఊట" అని రాస్తే భోజనం అని మార్చి ఉన్నాను. కన్నడంలో ఊట అంటే భోజనం, తెలుగులో ఊట అంటే భూమిలోంచి ఉబికే నీళ్ళు, వాడు ఏది అనుకున్నాడో, రెండూ అనుకున్నాడో, ఇప్పుడు అడిగితే వాడికే గుర్తులేదు. ఆ పేపర్లో నా ఎర్రపెన్ను గీత మాత్రం అట్లనే ఉంది.

ఆదివారం పొద్దున ప్రింట్లన్నీ చింపేసి మళ్ళీ తీశాను. సాయంత్రం బేవు బెల్ల (కన్నడవాళ్ళ వేప-బెల్లం) ఒక టేబుల్ మీద, ఉగాది పచ్చడి ఇంకో టేబుల్ మీద, రెండింటి ముందూ అవే జనం. మా 9 నిమిషాలు వచ్చాయి. ఏడో ఫ్లోరు బాబు భుజాలు ఎగరేశాడు, జనం పడి నవ్వారు. ఆ అమ్మాయి వస్తుందో రాదో అని నేను చూస్తా ఉన్నా. వచ్చింది. మైకు కుయ్యిమని అరిస్తే దాన్ని చేత్తో పక్కకి జరిపేసి, మాట్లాడుతున్నట్టే మొదలుపెట్టింది. మొదటి పాదానికే తెలుగువాళ్ళు నవ్వారు, సిల్క్ బోర్డు పేరు వింటే ఈ ఊళ్ళో ఎవరైనా నవ్వుతారు లెండి. మూడో పాదంలో అరిచింది దగ్గర ఆగింది. చిన్నగా, ఒక్క ఊపిరి అంత. తర్వాత సాకంటు అంది, చెయ్యి పైకెత్తి, వాళ్ళమ్మలాగే అయ్యుంటుంది. ముందు కన్నడం వాళ్ళ వైపు నుంచి నవ్వు వచ్చింది, ఒక క్షణం ఆలస్యంగా మనవాళ్ళ వైపు నుంచి, ఆ తర్వాత రెండు వైపులా ఒకరికొకరు చెప్పుకుని మళ్ళీ ఇంకోసారి. వినుర అన్నప్పుడు ముందు వరసలో ఒక పెద్దావిడ "ఎవర్ని అంటోంది" అన్నారు గానీ నవ్వుతానే అన్నారు.

ప్రోగ్రాం అయ్యాక ప్లేట్లు సర్దుతా ఉంటే వాళ్ళ నాన్న వచ్చారు. నేను కొంచెం బెదిరాను, ఆయన పరువు తీశామని అనుకుంటారేమోనని. ఆయన సీరియస్‌గా, "మేడం, చిన్న కరెక్షన్ అండీ, ఆ రోజు ట్రాఫిక్ సిల్క్ బోర్డు దగ్గర కాదు, ఇబ్లూరు దగ్గర. కావాలంటే మ్యాప్‌లో టైంలైన్ చూపిస్తా" అన్నారు. నేను నోరు తెరిచేలోగా ఆ పిల్ల ఆయన చెయ్యి పట్టుకుని, అరచేతి మీద చప్పట్లు, చప్పట్లు, చిటికె కొట్టి చూపించింది.

"ఇబ్లూరు పెద్ద ముక్క నాన్నా. అక్కడ చిన్న ముక్కే పడుతుంది. నువ్వు సిల్క్ బోర్డులోనే ఉండాల."